నేల ఋణం

నాటకం ఎక్కడ పుట్టింది? ఈ ప్రశ్నకు భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఒక కథ ఉంది. ఆ కథ ప్రకారం లోకంలో మొట్టమొదటి నాటక ప్రదర్శన ఏ భవనంలోనూ జరగలేదు. ఇంద్రధ్వజ మహోత్సవ సందర్భంలో, ఆరుబయట, జనసమూహం మధ్య జరిగింది. దేవతలు దానవులను జయించిన వృత్తాంతమే అందులోని ఇతివృత్తం. తమ పరాజయాన్ని పదిమంది ముందు ఆడి చూపడం దానవులకు రుచించలేదు. వారు విఘ్నాలను ప్రేరేపించి నటుల వాక్కును, చేష్టలను, జ్ఞాపకశక్తిని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజదండంతో ఆ విఘ్నాలను చెదరగొట్టాడు. అయినప్పటికీ బెడద పూర్తిగా తొలగలేదు. అప్పుడు బ్రహ్మదేవుడు విశ్వకర్మను పిలిచి, నటులకు రక్షణగా ఒక నాట్యగృహాన్ని నిర్మించమని ఆదేశించాడు.

ఈ కథలో మనం సాధారణంగా గమనించని రెండు అంశాలు ఉన్నాయి. మొదటిది, నాటకశాల నాటకానికి పుట్టినిల్లు కాదు. రక్షణ కోసం తరువాత కట్టుకొన్న కోట. రెండవది, గోడలు కట్టించి బ్రహ్మ ఊరుకోలేదు. దానవులను పిలిచి మాట్లాడాడు. ఈ నాట్యం దేవతలకో, దానవులకో మాత్రమే చెందినది కాదని, ముల్లోకాల భావాలను అనుకరించేదని వారికి నచ్చజెప్పాడు. అనగా ఎవరి కథను ఆడుతున్నామో వారికి సమాధానం చెప్పవలసిన బాధ్యత నాటకానికి ఉన్నదని మన లాక్షణికులు ఆనాడే అంగీకరించారు.

నేడు పలు దేశాలలో యువనటులు మళ్లీ ఆ కోట గోడలు దాటి బయటకు వస్తున్నారు. మూతపడిన కర్మాగారాలలో, కోటల శిథిలాలలో, రైల్వే స్టేషన్లలో, పాత ఇళ్ల వాకిళ్లలో నాటకాలు ఆడుతున్నారు. దీనిని కొందరు వెర్రిపోకడ అంటున్నారు. మరికొందరు మహావిప్లవమని పొగడుతున్నారు. ప్రాచీన సాహిత్యం చదువుకొన్న నాకు ఈ రెండు మాటలూ తొందరపాటుగానే తోస్తాయి. బయటకు వచ్చిన నాటకం హాలు అద్దెను తప్పించుకోవచ్చు గాని, అంతకన్న పెద్ద బాకీని తలకెత్తుకొంటుంది. ఆ బాకీ పేరు నేల ఋణం. దానిని తీర్చే ఉద్దేశం ఉంటేనే నాటకం గడప దాటాలి. ఇదే నా అభిప్రాయం.

తెలుగువారి ఆధునిక నాటక ప్రదర్శన కూడా భవ్యమైన భవనంలో మొదలు కాలేదు. 1880లో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరానికి వచ్చి, పాక వేసుకొని నాటకాలు ఆడారు. వారు వెళ్లిపోయిన తరువాత ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులు తమ విద్యార్థుల చేత నాటకం ఆడించారు. షేక్స్పియర్ హాస్యనాటకానికి అనుసరణమైన ‘చమత్కార రత్నావళి’ అలా ప్రదర్శితమైంది. ఇతరులు విడిచిపోయిన పాక, ఉత్సాహమే పెట్టుబడిగా గల విద్యార్థులు — ఆనాటి సామగ్రి ఇంతే. ఆ తరువాత రంగురంగుల తెరలు వచ్చాయి. పట్టణాలలో హాళ్లు వెలిశాయి. నటుడు వెలుగులోను, ప్రేక్షకుడు చీకటిలోను ఉండే ఏర్పాటు స్థిరపడింది. ఆ ఏర్పాటు వల్ల నాటకానికి మేలే జరిగింది. భరతముని 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల నాట్యగృహమే మానవులకు తగినదని చెప్పాడు. అంతకు మించితే మాట స్పష్టంగా వినబడదు, ముఖంలోని భావం కనబడదు అని కారణం కూడా చెప్పాడు. నాటకశాలను నిందించేవారు ముందుగా ఈ మాటకు జవాబు చెప్పాలి.

అయితే నాట్యశాస్త్రంలో అదే చోట మరొక విధి ఉంది. నాట్యగృహం కట్టదలచిన నేలను ముందు నాగలితో దున్నాలి. అందులోని ఎముకలను, మేకులను, పెంకులను, గడ్డిదుబ్బులను ఏరి పారవేయాలి. ఆ తరువాతనే సూత్రం పట్టి కొలవాలి. ఇందులో శుచి ఉంది, శుభం ఉంది. నాకు మరొక అర్థం కూడా స్ఫురిస్తుంది. రంగస్థలం మీద నేడు అయోధ్య, రేపు హస్తినాపురం, ఎల్లుండి లంక వెలవాలి. అన్ని చోట్లూ తానే కాగలగాలంటే ఆ నేలకు తనదంటూ ఒక జ్ఞాపకం ఉండరాదు.

స్థలాశ్రిత నాటకం దీనికి ఎదురు తోవలో నడుస్తుంది. అది నేలను దున్నదు. ఎముకలను ఏరివేయదు. వాటి పక్కనే నిలబడి మాట్లాడుతుంది. ఆరుబయట ఆడిన ప్రతి నాటకమూ స్థలాశ్రితం కాజాలదు. మైదానంలో వేదిక కట్టి, తెర దించి ఆడితే అది పైకప్పు లేని నాటకశాల మాత్రమే. ఏ నాటకాన్ని ఆ చోటి నుండి తొలగిస్తే దాని అర్థంలో సగమైనా నశిస్తుందో, అదే నిజమైన స్థలాశ్రిత నాటకం.

ఈ లక్షణానికి లక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద భారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథగా భారతం వినిపిస్తారు. రాత్రి వీథినాటకం ఆడుతారు. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసే ఘట్టం వచ్చినప్పుడు కథ వేదిక మీద ఆగదు. ఆరుబయట ఎత్తయిన తపస్సు మానును నాటుతారు. అర్జున వేషధారి పాడుతూ ఆ మానును ఎక్కి, పై నుండి నిమ్మపండ్లు, విభూతి, పూలు విసురుతాడు. సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో కింద వేచి ఉండి వాటిని ప్రసాదంగా అందుకొంటారు. చివరి రోజున నేల మీద మట్టితో దుర్యోధనుడి పెద్ద రూపాన్ని తీర్చి, అక్కడే భీమ దుర్యోధనుల యుద్ధం నడిపిస్తారు. ఇదే ఘట్టాన్ని నగరంలోని హాలులో ఆడితే పద్యం మిగులుతుంది, రాగం మిగులుతుంది. మాను కింద కొంగు చాచి నిలిచిన ఆ తల్లి మిగలదు. ఈ ఉత్సవంలో ప్రేక్షకులు ఊరివారే, నిర్వాహకులూ ఊరివారే, ఫలం ఆశించేదీ వారే. అందుచేత అక్కడ నేల ఋణమనే ప్రశ్న తలెత్తదు.

ఆ ప్రశ్న తలెత్తేది ఎక్కడి నుండో వచ్చిన నటబృందం వేరొకరి నేల మీద ఆడినప్పుడు. ఈ విషయంలో బ్రిటన్ పశ్చిమ భాగంలోని వేల్స్ దేశంలో జరిగిన ఒక ప్రయత్నం పరిశీలింపదగినది. అక్కడ ఆంగ్లంలో నాటకాలు ఆడే జాతీయ సంస్థ ఒకటి లేని లోటును తీర్చడానికి 2009లో ‘నేషనల్ థియేటర్ వేల్స్’ ఏర్పడింది. జాతీయ నాటక సంస్థ అనగానే రాజధానిలో గొప్ప భవనం ఉంటుందని ఎవరైనా అనుకొంటారు. ఈ సంస్థ భవనం కట్టుకోలేదు. 2010లో ప్రదర్శనలు ప్రారంభించి, తొలి సంవత్సరంలో 13 నాటకాలను వేల్స్‌లోని వేరువేరు చోట్ల ఆడింది.

ఆ నాటకాలలో ఒకటి ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రచించిన ‘పర్షియన్లు’. క్రీ.పూ. 472లో ఏథెన్సు నగరంలో తొలిసారి ప్రదర్శితమైన నాటకమది. అంతకు ఎనిమిదేళ్ల క్రితం సలామిస్ నౌకాయుద్ధంలో గ్రీకులు పర్షియా సైన్యాన్ని ఓడించారు. గెలిచినవారి నగరంలో, గెలిచినవారి కవి, ఓడినవారి శోకాన్ని నాటకంగా రాశాడు. కుమారుడి కోసం ఎదురుచూసే శత్రురాజు తల్లి అందులో ముఖ్యపాత్ర. తమ ఓటమి కథ విని ఆగ్రహించిన దానవులకు బ్రహ్మ చెప్పిన సమాధానం ఇక్కడ మనకు జ్ఞాపకం రాక మానదు.

2010 ఆగస్టులో దర్శకుడు మైక్ పియర్సన్ ఈ నాటకాన్ని ఎపింట్ కొండనేలలో సైన్యం అధీనంలో ఉన్న శిక్షణ క్షేత్రంలో ఆడించాడు. అక్కడ కిలియెని అనే ఊరు ఉంది. అది నిజమైన ఊరు కాదు. ఇళ్ల మధ్య యుద్ధం చేయడం సైనికులకు నేర్పడానికి కట్టిన ఉత్తుత్తి ఊరు. అందులో కాపురాలు లేవు, పొయ్యిలు లేవు. ప్రేక్షకులను బస్సులలో అక్కడికి తీసుకొని పోయారు. అయితే ఆ నేలకు అంతకుముందు ఒక నిజమైన చరిత్ర ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, సైనిక శిక్షణ కోసం అక్కడి నుండి 200 మందికి పైగా రైతు కుటుంబాలవారిని ఖాళీ చేయించారు. వారు వెల్ష్ భాష మాట్లాడేవారు. వారితో పాటు ఆ కొండనేల నుండి వారి భాష కూడా తరలిపోయింది.

ఇప్పుడు ఆ దృశ్యాన్ని ఊహించుకోండి. రెండు వేల అయిదు వందల ఏళ్లనాటి శోకనాటకం. ఎదురుగా మనుషులు లేని ఇళ్లు. కాళ్ల కింద ఇళ్లు విడిచి వెళ్లినవారి నేల. యుద్ధం ఊళ్లను ఏమి చేస్తుందో చెప్పడానికి ఆ నాటకానికి కొత్త సంభాషణ ఒక్కటి కూడా చేర్చనవసరం లేదు. ఆ చోటే వ్యాఖ్యానం. ప్రాచీన కావ్యానికి మల్లినాథుని వంటి వ్యాఖ్యాత ఎంత అవసరమో, ఒక్కొక్కప్పుడు ఇటువంటి నేల కూడా అంత అవసరం.

మరుసటి ఏడాది, 2011 ఏప్రిల్‌లో, ఇదే సంస్థ పోర్ట్ టాల్బట్ అనే ఉక్కు కర్మాగార పట్టణంలో ఈస్టర్ పండుగ రోజులలో క్రీస్తు చరమఘట్టం ఆధారంగా ‘ది పాషన్’ అనే నాటకాన్ని మూడు రోజులపాటు వీథులలో, సముద్రతీరంలో నడిపింది. ఆ పట్టణంలో పెరిగిన ప్రసిద్ధ నటుడు మైకేల్ షీన్ ప్రధానపాత్ర ధరించాడు. వెయ్యిమందికి పైగా స్థానికులు అందులో పాల్గొన్నారు. పేరుగల నటుడు వచ్చి ఆడి పోవడం వేరు. ఊరే నాటకంలోకి రావడం వేరు. ఋణం తీర్చే పద్ధతులలో ఇది ఒకటి. ప్రభుత్వ నిధులు పంచే కళామండలి 2023లో సహాయం నిలిపివేయగా, 2024 చివరికి నాటక సంస్థగా దాని ప్రస్థానం ముగిసింది. సొంత భవనం లేని సంస్థకు శిలాఫలకం కూడా మిగలలేదు. కాని ఆ పట్టణవాసులకు తమ వీథుల మీదుగా నడిచిన ఆ కథ గుర్తున్నంత కాలం, ఆ సంస్థ పూర్తిగా అంతరించిందని నేను అనుకోను.

పరదేశపు ఉదాహరణ చాలునని ఆగితే మన దేశంలోని యువతకు అన్యాయం చేసినట్లవుతుంది. వారిలో కొందరు నేల ఋణాన్ని ప్రాణాలతో చెల్లించారు. 1973లో ఢిల్లీలో కొందరు యువతీయువకులు ‘జన నాట్య మంచ్’ అనే బృందంగా ఏర్పడ్డారు. మొదట వారు కూడా పెద్ద వేదికల మీద పెద్ద నాటకాలే ఆడారు. అత్యవసర పరిస్థితి ముగిసిన తరువాత అటువంటి నాటకాల ఖర్చు భరించే స్తోమత కార్మిక సంఘాలకు లేకపోయింది. అప్పుడు 1978లో ‘మషీన్’ అనే చిన్న నాటకం తయారైంది. పావుగంటలో ముగిసే ఆ నాటకానికి తెర లేదు, దీపాలు లేవు. నటులే తమ శరీరాలతో యంత్రంగా మారుతారు. సైకిళ్లు నిలుపుకోవడానికి ఒక చోటు, టీ తాగడానికి ఒక వసతి కోరిన కార్మికుల మీద జరిగిన కాల్పులు ఆ నాటకానికి ప్రేరణ. మరుసటి ఏడాది ఢిల్లీలో బస్సు ఛార్జీలు పెరిగినప్పుడు, వారు ఆ విషయం మీదనే నాటకం కట్టి బస్సుల కోసం నిలబడినవారి ముందే ఆడారు.

1989 జనవరి 1న ఢిల్లీ పొలిమేరలోని సాహిబాబాద్ పారిశ్రామిక ప్రాంతంలో, ఝండాపూర్ అనే చోట, ఆ బృందం ‘హల్లా బోల్’ నాటకం ఆడుతుండగా ఒక మూక దాడి చేసింది. రామ్ బహదూర్ అనే కార్మికుడు మరణించాడు. తీవ్రంగా గాయపడిన సఫ్దర్ హష్మీ మరునాడు కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరాలు. జనవరి 4న ఆయన భార్య, నటి మొలయశ్రీ హష్మీ, తన సహచరులతో కలసి అదే ఝండాపూర్‌కు వెళ్లి, మధ్యలో ఆగిపోయిన నాటకాన్ని ఆడి ముగించింది.

ఆమె ఆ నాటకాన్ని ఢిల్లీలోని ఏ పెద్ద హాలులోనైనా ఆడి ఉండవచ్చు. వేలాదిమంది వచ్చేవారు. అది గొప్ప సంతాపసభ అయి ఉండేది. కాని ఝండాపూర్ కార్మికులు సగం చూసిన నాటకం సగంగానే మిగిలిపోయేది. తమ కళ్లముందు నాటకం ఆడినందుకు మనుషులు చనిపోయారు. ఇక ఎవరూ రారు అని వారు అనుకొనేవారు. ఆమె తిరిగి వెళ్లడం వల్ల ఆ నేలకు ఇచ్చిన మాట నిలబడింది. ఆ బృందపు రాజకీయాలతో ఏకీభవించేవారు ఉంటారు, విభేదించేవారు ఉంటారు. అది వేరే చర్చ. నాటకం ఒక చోటికి బాకీపడుతుందనే సత్యాన్ని మాత్రం ఇంతకంటె స్పష్టంగా చెప్పిన ఘటన నాకు తెలియదు.

ఇక ఆక్షేపణలను పరిశీలిద్దాం. బయటి చోట్ల మాట వినబడదు, గాలివానలకు ఆగదు, రసభంగం కలుగుతుంది అనే ఆక్షేపణ సమంజసమైనదే. దీనికి భరతముని కొలతలోనే జవాబు ఉంది. నటుడి ముఖం కనబడేంత దూరంలోనే జనం ఉండాలి. అందువల్ల చిన్న సమూహానికే ఆడాలి. రక్షణ గురించిన ఆక్షేపణ మరింత బరువైనది. శిథిలమైన కట్టడంలోకి ప్రేక్షకులను తీసుకొనిపోయేటప్పుడు గోడల బలం, నిప్పు ప్రమాదం, బయటకు పోయే దారి ముందుగా చూసుకోవాలి. స్త్రీ పాత్రధారులు సురక్షితంగా ఇంటికి చేరే ఏర్పాటు చేయాలి. సాహసం పేరుతో వీటిని విస్మరించడం కళ అనిపించుకోదు.

నేను అన్నిటికంటె పెద్దదిగా భావించే దోషం మరొకటి ఉంది. చోటును కేవలం అలంకారంగా వాడుకోవడమే ఆ దోషం. కోటగోడ అందంగా ఉన్నదని దాని ముందు దీపాలు వెలిగించి, నగరం నుండి కార్లలో వచ్చినవారికి టిక్కెట్లు అమ్మి నాటకం ఆడుతారు. ఆ గోడ పక్కన మేకలు కాచుకొనే పిల్లవాణ్ణి మాత్రం ఆ సాయంత్రం లోపలికి రానివ్వరు. మూతపడిన మిల్లులో ప్రేమకథ ఆడుతారు. ఆ మిల్లులో ఉద్యోగం పోగొట్టుకొన్న మనిషి వీథి చివర టీ కొట్టు నడుపుతుంటాడు. అతణ్ణి ఒక్క మాట అడిగినవారు ఉండరు. అటువంటి నాటకానికి మిల్లు ఎందుకు? బొమ్మ గీసిన తెర చాలు. రంగులు వేసిన తెర ఎవరినీ వెలివేయదు.

కాబట్టి గోడలు దాటదలచిన యువబృందాలకు నేను మూడు నియమాలు సూచిస్తాను. ఆ చోటివారితో మాట్లాడిన తరువాతనే కథను ఎన్నుకోవాలి. తొలి ప్రదర్శన వారికే, ఉచితంగా ఇవ్వాలి. “ఇది మా కథ కాదు” అని వారు అంటే, బ్రహ్మ దానవుల మాట విన్నట్లు, కూర్చొని వినాలి. విన్న ప్రతిమాటకూ లొంగిపోవాలని నా ఉద్దేశం కాదు. రచయితకు తన సత్యం ఉంటుంది. కాని జవాబు చెప్పకుండా వెళ్లిపోయే హక్కు మాత్రం లేదు.

ఈ నియమాలకు పరీక్ష కాగల చోటు ఒకటి మన దగ్గరే ఉంది. నాగార్జునకొండ లోయలో 1954–60 సంవత్సరాల మధ్య జరిగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు బయటపడ్డాయి. వాటిలో నాలుగు వైపులా మెట్లు గల ఒక రంగప్రాంగణం ఉంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోనున్నందున, ఆ ప్రాంగణాన్ని అనుపు వద్ద తిరిగి నిర్మించారు. నేడు యాత్రికులు ఆ మెట్ల మీద కూర్చొని ఫొటోలు తీసుకొంటారు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి ప్రేక్షకుల చోటు అది. కాని అది తాను పుట్టిన నేల మీద లేదు. లోయలోని పల్లెలవారు కూడా అలాగే ఇళ్లు, పొలాలు, గుడులు విడిచి వేరే చోట్లకు తరలిపోయారు. సాగర్ నీటితో లక్షల ఎకరాలు పండాయి. ఆ అన్నం మనమందరం తిన్నాం. విడిచి వచ్చినవారి ఊళ్ల పేర్లు మాత్రం మనలో చాలామందికి తెలియవు.

అనుపు మెట్ల మధ్య ఒక యువబృందం సంస్కృత నాటకం ఆడవచ్చు. వెన్నెలలో అది రమ్యంగానే ఉంటుంది. కాని ఆనాడు తల్లి చంకనెక్కి లోయ విడిచిన పిల్లలు నేడు వృద్ధులు. వారిని వెదకి, ఆ ఊళ్ల పేర్లు, ఆ బావుల పేర్లు, ఆ తిరునాళ్ల ముచ్చట్లు అడిగి, వాటితో ఒక నాటకం కట్టి, మొదటి మెట్టు మీద వారినే కూర్చోబెట్టి ఆడితే ఆ రాళ్లకూ, ఆ మనుషులకూ ఉన్న చుట్టరికం అందరికీ తెలుస్తుంది. ఎపింట్ కొండల మీద ఒక గ్రీకు నాటకం చేసిన పనిని, ఇక్కడ మన మాటలే మన కోసం చేస్తాయి. ఇందుకు గడువు మాత్రం ఎక్కువ లేదు. జ్ఞాపకం ఉన్న మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

విద్యార్థులు తమ కళాశాల వార్షికోత్సవానికి ఏ నాటకం వేద్దామా అని ఆలోచించేటప్పుడు, ముందుగా తమ ఊరిలో ఒకసారి నడిచి రావాలి. పూడిపోయిన బావి ఉంటుంది, మూతపడిన సినిమాహాలు ఉంటుంది, రైలు ఆగడం మానివేసిన స్టేషను ఉంటుంది. వాటి పక్కన ఎవరో ఒకరు కూర్చొని ఉంటారు. నాటకం ఆ మనిషిని పలకరించడంతో మొదలవుతుంది.